రెండు తాళాలు, రెండు చేతులు

(మన సంఘం సర్వసభ్య సమావేశంలో ఖజానా శాఖ విశ్రాంత గుమాస్తా ఒకరు చేసిన ప్రసంగమిది. సభ్యుల కోరిక మేరకు ఈ ప్రత్యేక సంచికలో పూర్తి పాఠం ఇస్తున్నాం. - సం.)



కార్యదర్శిగారు నాకు అప్పగించిన విషయం సెల్‌ఫోన్ భద్రత. ముఖ్యంగా దుకాణంలో, వ్యాపారంలో వాడే ఫోన్‌ను స్మార్ట్ కార్డుతోనూ, రెండంచెల ధ్రువీకరణతోనూ ఎలా కాపాడుకోవాలో చెప్పమన్నారు. డెబ్బై దాటిన గుమాస్తాకు ఈ సంగతులు ఏం తెలుసునని కొందరు మిత్రులు నవ్వారు. నేను ఇంజనీరును కానన్న మాట నిజమే. కానీ తాళాల సంగతి నాకు కొంత తెలుసు. ఖజానాలో ముప్ఫై ఏళ్ళు పైబడి పనిచేసినవాడికి అది తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? కాబట్టి నాకు తెలిసిన తాళం నుంచి మొదలుపెట్టి, తెలుసుకున్న తాళం వరకు మిమ్మల్ని తీసుకుపోతాను.

ఖజానాలో డబుల్ లాక్

ఖజానా స్ట్రాంగ్ రూముకు రెండు తాళాలుంటాయి. ఒక తాళంచెవి ఖజానా అధికారి దగ్గర, రెండోది షరాబు దగ్గర. స్టాంపు కాగితాలైనా, ఇతర విలువైన పత్రాలైనా బయటికి తీయాలంటే ఇద్దరూ వచ్చి నిలబడాలి. ఆనాటి అమ్మకానికి సరిపడా స్టాంపులు మాత్రం సింగిల్ లాక్‌లోకి మార్చి షరాబుకు అప్పగిస్తారు. మిగిలిన నిల్వ అంతా డబుల్ లాక్‌లోనే. దానికో రిజిస్టరు, అందులో ఇద్దరి సంతకాలు. డూప్లికేట్ తాళంచెవులు సీలు వేసిన కవరులో ఆ ఆఫీసులో కాక వేరే చోట భద్రపరుస్తారు.

ఇందులో కిటుకు ఎక్కడుందో గమనించండి. తాళాలు రెండు కావడంలో లేదు. చెవులు రెండు చేతుల్లో ఉండడంలో ఉంది. ఒకరు సెలవు మీద పోతే ఆయన చెవి మూడో మనిషికి అప్పగించాలే గాని, రెండో చెవి ఉన్నవాడికే ఇవ్వకూడదు. రెండు చెవులూ ఒకే గుత్తిలో పడిన రోజున బీరువాకు పది తాళాలున్నా అవి ఒక్క తాళంతో సమానం.

ఈ రోజు నేను చెప్పదలచుకున్నది ఈ ఒక్క మాటే. మిగిలినదంతా దాని వివరణ.

పి.పి.ఓ. రెండు ముక్కలు

బ్యాంకుల్లో పెన్షన్ రావడం మొదలుకాక ముందు ఖజానా నుంచే చేతికి తీసుకున్న రోజులు మీలో కొందరికి గుర్తుండే ఉంటాయి. పెన్షన్ చెల్లింపు ఉత్తర్వుకు రెండు భాగాలుండేవి. ఒకటి పెన్షనరు దగ్గర, ఒకటి ఖజానా దగ్గర. పెన్షనరు తన భాగం తెచ్చి చూపేవాడు. మేము మా భాగం తీసి పక్కన పెట్టి సరిచూసేవాళ్ళం. ఫోటో, నమూనా సంతకం, నిశానీ దారులైతే వేలిముద్ర, పుట్టుమచ్చల వివరం. అనుమానం వస్తే పేరు, ఉద్యోగం చేసిన చోటు అడిగేవాళ్ళం.

ఇప్పుడు కంప్యూటరువారు దీన్నే మూడు రకాలుగా విడదీసి చెబుతున్నారు. మొదటిది మనకు తెలిసినది, అంటే పిన్, పాస్‌వర్డ్ వంటివి. రెండోది మన దగ్గర ఉన్నది, అంటే కార్డు, ఫోన్, సిమ్. మూడోది మన ఒంటి మీద ఉన్నది, అంటే వేలిముద్ర, కనుపాప, ముఖం. ఈ మూడింటిలో వేర్వేరు రకాలకు చెందిన రెండింటిని కలిపి అడిగితే అది రెండంచెల ధ్రువీకరణ. రెండు పాస్‌వర్డులు అడిగితే కాదు. అది ఒకే రకం చెవిని రెండుసార్లు తిప్పడమే. పి.పి.ఓ. కాగితం మన దగ్గర ఉన్నది, పుట్టుమచ్చ మన ఒంటి మీద ఉన్నది. పేరు కొత్తదే గాని పద్ధతి మన ఖజానా ఎరిగినదే.

కార్డు మీద బంగారు చుక్క

ఇక స్మార్ట్ కార్డు. మీ జేబులోని ఏటీఎం కార్డు తీసి చూడండి. ముందు వైపు బంగారు రంగులో చిన్న చదరపు బిళ్ళ ఉంటుంది. వెనుక వైపు నల్లని పట్టీ ఉంటుంది. పట్టీ పాత పద్ధతి, బిళ్ళ కొత్త పద్ధతి.

నల్లపట్టీ కాగితం మీద రాసిన చీటీ వంటిది. ఎవరు చదివితే వారికి అదే వస్తుంది, చదివినవాడు నకలు రాసుకోగలడు. ఏటీఎంలో దొంగ యంత్రం అమర్చి కార్డుల నకళ్ళు తీసిన ముఠాల వార్తలు మనం ఎన్నోసార్లు పేపర్లలో చదివాం. చిప్ అలా కాదు. అది గోరంత కంప్యూటరు. దాని లోపల ఒక రహస్య సంఖ్య ఉంటుంది, అది ఎప్పుడూ బయటికి రాదు. లావాదేవీ జరిగినప్పుడల్లా యంత్రం ఒక కొత్త ప్రశ్న వేస్తుంది. చిప్ తన రహస్యంతో లెక్క కట్టి జవాబు మాత్రం ఇస్తుంది. రేపటి ప్రశ్న వేరు కాబట్టి ఈ రోజు జవాబు దొంగిలించినా రేపటికి పనికిరాదు.

ఫ్రాన్స్ దేశస్థుడు రోలాన్ మొరెనో 1974లో ఈ రకం కార్డుకు పేటెంటు తీసుకున్నాడు. అంతకు ముందే జర్మనీలోనూ ఈ ఆలోచన పుట్టింది. మన దేశంలో పాత పట్టీ కార్డుల స్థానంలో 2018 డిసెంబర్ 31లోగా చిప్ కార్డులు ఇవ్వాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. అప్పట్లో మనందరికీ బ్యాంకుల నుంచి కార్డు మార్చుకోండని మెసేజ్‌లు వచ్చినది అందుకే. అంతకు ముందే, 2009 ఆగస్టు 1 నుంచి, కార్డు చూపకుండా ఇంటర్నెట్‌లో చేసే చెల్లింపులకు కార్డు మీద లేని మరో ఆధారం తప్పనిసరి చేశారు. మన ఫోన్‌కు వచ్చే ఓటీపీ ఆ దారిలో వచ్చినదే. 2013 డిసెంబర్ 1 నుంచి దుకాణాల్లో డెబిట్ కార్డు గీసినప్పుడు పిన్ నొక్కడం వచ్చింది.

మీకు తెలియకుండానే మీ దగ్గర ఇంకో స్మార్ట్ కార్డు కూడా ఉంది. ఫోన్‌లోని సిమ్ అదే. చిన్నదైనా అదీ చిప్ కార్డే. మీ నంబరు మీదేనని సెల్ కంపెనీకి రుజువు చేసేది ఆ చిప్పే. ఆదాయపు పన్నుకు, జీఎస్టీకి, టెండర్లకు డిజిటల్ సంతకం పెట్టే పెన్‌డ్రైవ్ లాంటి టోకెన్ ఉంటుంది చూడండి, దాని లోపలా ఇటువంటి చిప్పే. టోకెన్ ఉండాలి, పిన్ తెలియాలి, అప్పుడే సంతకం పడుతుంది. కానీ చాలాచోట్ల కనబడేది ఏమిటి? టోకెన్ మీద తెల్ల కాగితం అతికించి పిన్ రాసి ఉంటుంది, ఆ టోకెన్ లెక్కలు రాసే అబ్బాయి సొరుగులో ఉంటుంది. డబుల్ లాక్ రెండు చెవులూ ఒకే మేకుకు తగిలించినట్టే కదా?

మన రాష్ట్రం చేసిన పని

స్మార్ట్ కార్డు వల్ల మేలు జరుగుతుందా అన్న ప్రశ్నకు ప్రపంచం చెప్పుకునే జవాబు మన తెలుగు నేల మీదనే దొరికింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఉపాధి హామీ కూలీలకు, సామాజిక పింఛనుదారులకు వేలిముద్రలతో స్మార్ట్ కార్డులు ఇచ్చింది. అంతకు ముందు కూలి డబ్బు పోస్టాఫీసు ద్వారా, పింఛను పంచాయతీ సిబ్బంది చేతుల మీదుగా అందేది. కొత్త పద్ధతిలో ఊళ్ళోనే ఒకరు, చాలాచోట్ల ఆ ఊరి మహిళే, చిన్న యంత్రంతో కూర్చొని కార్డు పెట్టించి, వేలు పెట్టించి డబ్బు ఇచ్చేది. కార్డు దగ్గర ఉన్నది, వేలు ఒంటి మీదిది. రెండంచెలు.

కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తంకర్ అనే ముగ్గురు ఆర్థిక శాస్త్రజ్ఞులు దీన్ని 2010 నుంచి 2012 వరకు ఎనిమిది జిల్లాల్లో పరిశీలించారు. ఆదిలాబాద్, ఖమ్మం, నల్లగొండ అందులో ఉన్నాయి. 157 మండలాలు, సుమారు 1.9 కోట్ల జనాభా. వారి ఫలితాలు 2016లో అమెరికన్ ఎకనామిక్ రివ్యూ పత్రికలో వచ్చాయి. ఉపాధి హామీలో దారి మళ్ళే సొమ్ము సుమారు 41 శాతం తగ్గిందనీ, కూలి తీసుకోవడానికి పట్టే సమయం ప్రతిసారి 22 నిమిషాలు తగ్గిందనీ, డబ్బు ముందుకన్నా త్వరగా అందిందనీ తేల్చారు.

అందులో మనం నేర్చుకోవలసిన మాట మరొకటి ఉంది. కార్డు ఇంకా అందనివారికి, వేలిముద్ర పడనివారికి కూడా డబ్బు ఆపలేదు. కాయకష్టం చేసినవారికి, మనలాంటి వయసు మళ్ళినవారికి వేలి గీతలు అరిగిపోతాయి. తాళం దొంగను ఆపాలి గాని ఇంటి యజమానిని బయట నిలబెట్టకూడదు. 2014 నవంబర్ 10న కేంద్రం జీవన్ ప్రమాణ్ పేరుతో వేలిముద్ర, కనుపాపలతో లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చే ఏర్పాటు మొదలుపెట్టి, 2021 నవంబర్‌లో ముఖం చూపి ఇచ్చే పద్ధతిని కూడా చేర్చింది. వేలు పడకపోతే ముఖం అన్నమాట. యజమానికి మరో దారి ఉంచడమంటే ఇదే.

అన్నీ ఒకే ఫోన్‌లో

ఇప్పుడు మన ఇళ్ళలోకి వద్దాం. నారాయణఖేడ్ లాంటి ఊళ్ళో పెన్షనరు ఇంటికీ, దుకాణానికీ మధ్య గోడ పలచన. నాన్న పెన్షన్‌తో కొడుకు దుకాణం పెడతాడు. దుకాణం ఫోన్‌లోనే నాన్న పెన్షన్ ఖాతా, షాపు ఖాతా, హోల్‌సేల్ వ్యాపారి మెసేజ్‌లు, జీఎస్టీ ఓటీపీలు, పిల్లల ఫీజులు. అందుకే దుకాణం ఫోన్ పోతే ఆ ఇల్లు మొత్తం కదులుతుంది.

మన సభ్యులొకరి సంగతి చెబుతాను. ఆయన అనుమతితోనే చెబుతున్నాను, పేరు మాత్రం చెప్పను. ఆయన కొడుకుకు ఎరువులు, విత్తనాల దుకాణం ఉంది. వానాకాలం సీజను ముందు మధ్యాహ్నం వేళ కొడుకు భోజనానికి పోతే ఈయన గల్లాలో కూర్చున్నారు. ఫోన్ వచ్చింది. "నమస్తే సార్, మీ లైఫ్ సర్టిఫికెట్ పడలేదు, వచ్చే నెల పెన్షన్ ఆగిపోతది" అన్నాడు అవతలివాడు. పేరు సరిగ్గా చెప్పాడు, రిటైరైన శాఖ పేరూ సరిగ్గా చెప్పాడు. ఫోన్ కవరు సంచిలోనే రెండు కార్డులూ ఉన్నాయి. ఒకటి పెన్షన్ ఖాతాది, ఒకటి దుకాణానిది. "ఏ కార్డో చూసి చెప్పండి సార్" అంటే రెండింటి అంకెలూ చదివారు. ఫోన్‌కు వచ్చిన ఓటీపీలు కూడా చదివారు. పెన్షన్ డబ్బూ పోయింది, డీలరుకు కట్టడానికి ఉంచిన దుకాణం డబ్బూ పోయింది.

ఆ కార్డులకు చిప్ లేదా? ఉంది. ఓటీపీ రాలేదా? వచ్చింది. మరి రెండు తాళాలూ ఎందుకు పనిచేయలేదు? కార్డు యంత్రంలో పెట్టినప్పుడే చిప్ కాపలా కాస్తుంది. అంకెలు నోటితో చదివితే దానికి తెలియదు. ఓటీపీ వచ్చేది కూడా అదే ఫోన్‌కు, అదే చేతిలోకి. రెండు చెవులూ ఒకే గుత్తిలో ఉన్నాయి. ఆ గుత్తి ఉన్న మనిషిని మాటలతో లొంగదీస్తే చాలు.

ఫోన్ పోయినా ఇదే ప్రమాదం. యూపీఐలో మొదటి అంచె మీ ఫోన్, సిమ్ కలిసి. రెండో అంచె మీ పిన్. ఇది మంచి ఏర్పాటే. ఫోన్ దొరికినవాడికి పిన్ తెలియదు కదా అని మనం నిశ్చింతగా ఉంటాం. కానీ పిన్ మరిచిపోయినవారికి కొత్త పిన్ పెట్టుకునే దారి ఒకటుంది. డెబిట్ కార్డు చివరి ఆరు అంకెలు, గడువు తేదీ, ఫోన్‌కు వచ్చే ఓటీపీ ఇస్తే చాలా బ్యాంకుల్లో కొత్త పిన్ వస్తుంది. కొన్ని బ్యాంకులు ఏటీఎం పిన్ కూడా అడుగుతాయి. ఇప్పుడు ఆలోచించండి. ఫోన్ కవరులోనే కార్డు, కార్డు వెనుక రాసిన పిన్, స్క్రీన్ మీదనే కనబడే ఓటీపీ. దొంగకు ఇంకేం కావాలి?

నోటితో చెప్పగలిగే తాళంచెవి

ఓటీపీలోని లోపం ఒక్కటే. అది నోటితో చెప్పగలిగే తాళంచెవి. ఇనుప తాళంచెవిని ఫోన్‌లో ఎవరూ అడిగి తీసుకోలేరు, ఆరు అంకెలను అడిగి తీసుకోవచ్చు. వాట్సాప్‌లో పెళ్ళిపత్రిక అనో, బ్యాంకు కేవైసీ అనో, పథకం పేరు పెట్టో ఏపీకే ఫైలు పంపిస్తారు. నొక్కితే ఫోన్‌లో ఒక దొంగ యాప్ చేరి, మీరు నోరు విప్పకుండానే ఓటీపీ మెసేజ్ చదివి వాడికి పంపుతుంది. మరికొందరు మన పేరుతో వేరే సిమ్ తీసుకుంటారు. అందుకే సిమ్ మార్చిన తరువాత 24 గంటలు మెసేజ్‌లు ఆపాలని టెలికాం శాఖ 2022లో కంపెనీలను ఆదేశించింది. ఏ కారణం లేకుండా మీ ఫోన్‌లో సిగ్నల్ పూర్తిగా పోయి గంటలు గడిచినా రాకపోతే, టవరు సంగతిలే అని ఊరుకోకుండా కంపెనీని అడగండి.

దీనికి విరుగుడుగా పెద్ద సంస్థలు మళ్ళీ ఇనుప తాళంచెవి వంటిదాని దగ్గరికే వచ్చాయి. ఫోన్‌కు లేదా కంప్యూటరుకు తగిలించే చిన్న భద్రతా కీ ఉంటుంది. దాని లోపల స్మార్ట్ కార్డు వంటి చిప్పే. అది అసలు వెబ్‌సైటుకే జవాబిస్తుంది, నకిలీ సైటుకు జవాబివ్వదు. దాని జవాబు నోటితో చదివి చెప్పడానికి వీలుకాదు. గూగుల్ కంపెనీ 2017 మొదట్లో తన 85,000 మందికి పైగా ఉద్యోగులకు ఈ కీలు తప్పనిసరి చేసింది. అప్పటి నుంచి వారిలో ఎవరి ఆఫీసు ఖాతా కూడా ఇటువంటి నకిలీ వలలో పడలేదని 2018లో ప్రకటించింది. ఈ రోజుల్లో పాస్‌కీ అనే పేరుతో ఇదే పద్ధతి ఫోన్ లోపలికి కూడా వచ్చింది. రిజర్వు బ్యాంకు కూడా 2025 సెప్టెంబర్‌లో ఇచ్చిన ఆదేశాల్లో, మెసేజ్ ఓటీపీ ఒక్కటే కాక ఇతర పద్ధతులకూ దారి తెరిచింది. రెండు వేర్వేరు ఆధారాలు మాత్రం ఉండాల్సిందే. ఇవి 2026 ఏప్రిల్ 1 నుంచి అమలు కావాలని నిర్దేశించింది.

ఇంటికి పోగానే చేయవలసినవి

ఇవి అన్నీ రాసుకోండి. పిల్లలు పక్కనుంటే ఇంకా మంచిది.

1. ఫోన్ తెరిచే అంకెలు ఆరు పెట్టండి. ఆ అంకెలు, యూపీఐ పిన్, ఏటీఎం పిన్ మూడూ వేర్వేరుగా ఉండాలి. పుట్టిన సంవత్సరం, రిటైరైన సంవత్సరం వద్దు. మన రిటైర్‌మెంటు సంవత్సరం ఊరందరికీ తెలుసు.

2. స్క్రీన్ మూసి ఉన్నప్పుడు మెసేజ్‌లోని మాటలు పైన కనబడకుండా సెట్టింగుల్లో మార్చండి.

3. సిమ్‌కు కూడా పిన్ పెట్టవచ్చు. అప్పుడు సిమ్ తీసి వేరే ఫోన్‌లో వేసినా పిన్ లేకుండా పనిచేయదు. కాని జాగ్రత్త, మూడుసార్లు తప్పు కొడితే సిమ్ ఆగిపోయి పీయూకే అనే మరో నంబరు అడుగుతుంది. మొదట ఏ పిన్ ఉందో కంపెనీని అడిగి తెలుసుకొనే మార్చండి, అందాజుగా కొట్టకండి.

4. ఫోన్ కవరులో నుంచి కార్డులు ఈ రోజే తీసేయండి. కార్డు ఒక జేబు, ఫోన్ ఒక జేబు. పిన్ ఎక్కడా రాయవద్దు.

5. పెన్షన్ ఖాతా దుకాణం ఫోన్‌లో ఉండకూడదు. పెన్షన్ ఖాతాకు ఇచ్చిన నంబరు ఇంట్లో ఉండే ఫోన్‌లో ఉండాలి, అది బటన్ల ఫోన్ అయినా సరే. దుకాణానికి వేరే ఖాతా, వేరే నంబరు. గల్లాలో కూర్చునే అబ్బాయికి డబ్బు వచ్చిందో లేదో తెలిస్తే చాలు, దానికి గోడ మీద క్యూఆర్ బొమ్మ, మోగే స్పీకరు పెట్టె సరిపోతాయి. డబ్బు రావడానికి పిన్ అవసరం లేదు. పిన్ కొట్టమన్నారంటే డబ్బు పోతున్నదని అర్థం. ఇదే మన సింగిల్ లాక్, డబుల్ లాక్ పద్ధతి. రోజు అవసరం గల్లాలో, అసలు నిల్వ వేరే చోట.

6. కార్డులో విదేశీ వాడకం, ఇంటర్నెట్ వాడకం, తాకించి చెల్లించడం వేర్వేరుగా ఆపుకునే వీలు 2020 నుంచి ఉంది. వాడనివి ఆపేయండి. తాకించి చెల్లించే కార్డుతో 5,000 రూపాయల వరకు పిన్ లేకుండానే పోతుంది.

7. దుకాణం ఈమెయిల్‌కు రెండంచెల ధ్రువీకరణ పెట్టించండి. చాలామంది దీన్ని మరిచిపోతారు. పాస్‌వర్డులు మార్చే లింకులు వచ్చేది ఈమెయిల్‌కే. భద్రతా కీ కొంటే రెండు కొనండి, ఒకటి దుకాణంలో, ఒకటి ఇంటి బీరువాలో. కీ కొనకపోతే, వారిచ్చే అత్యవసర కోడ్‌లు కాగితం మీద రాసి పి.పి.ఓ. పక్కన పెట్టండి. డూప్లికేట్ తాళంచెవిని వేరే చోట పెట్టే మన పాత నియమమే ఇది.

8. బ్యాంకు ఫోన్ నంబరు, సెల్ కంపెనీ నంబరు, సైబర్ నేరాల 1930 నంబరు కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి గోడకు అంటించండి. అవన్నీ ఫోన్‌లో ఉన్నాయంటారు. పోయినది ఆ ఫోనే అయితే? ఫోన్ పోతే ముందు సిమ్ ఆపించండి, తరువాత బ్యాంకుకు చెప్పండి, ఆపైన సంచార్ సాథీ ద్వారా ఫోన్‌ను పనిచేయకుండా చేయించండి.

9. ఇంటి ఆడవారికి ఖాతాలు ఏ బ్యాంకులో ఉన్నాయో, నామినీ ఎవరో, పి.పి.ఓ. నంబరెంతో రాసి సీలు కవరులో పెట్టి ఎక్కడుందో చెప్పండి. పిన్‌లు అందులో రాయవద్దు, అవి అవసరం లేదు. భర్త పోయిన వారంలో ఫోన్ ఎలా తెరవాలో తెలియక, ఏ బ్యాంకుకు పోవాలో తెలియక కూర్చున్న సోదరీమణులను ఈ సంఘం చాలామందిని చూసింది.

సిగ్గు అనే మూడో దొంగ

చివరగా ఒక మాట, ఇది పిల్లలు కూడా వినాలి.

ఇందాక చెప్పిన మిత్రుడికి డబ్బు పోయిన సంగతి ఆ సాయంత్రమే తెలిసింది. కొడుకుకు రెండు రోజులు చెప్పలేదు. అన్నం ముందు కూర్చొని లేచిపోయేవారట. "సారూ, ముప్ఫై ఏండ్లు సర్కారు లెక్కలు రాసినోన్ని, ఇంట్ల ఏం మొఖంతోని చెప్పాలె" అన్నారు నాతో. మూడో రోజు 1930కి ఫోన్ చేశాం. అప్పటికి డబ్బు ఒక ఖాతా నుంచి మరో ఖాతాకు, అక్కడి నుంచి ఇంకెక్కడికో పోయింది. కొంతే ఆగింది. ఆ సీజనుకు సరుకు అప్పు మీద తెచ్చుకున్నారు.

దొంగలు డబ్బును గంటల్లో చేతులు మారుస్తారు. వెంటనే ఫిర్యాదు అందితే దారిలోనే ఆపించే అవకాశం ఉంటుంది. రిజర్వు బ్యాంకు 2017 జూలై 6న ఇచ్చిన ఉత్తర్వు కూడా ఈ త్వరనే చెబుతుంది. మన తప్పు లేకుండా బయటివారి వల్ల డబ్బు పోయి, మూడు పనిదినాల్లో బ్యాంకుకు తెలిపితే మన మీద భారం పడదు. ఓటీపీ మనమే చెప్పి ఉంటే, బ్యాంకుకు తెలిపే వరకు పోయినది మన నష్టం. తెలిపిన తరువాత పోయేది బ్యాంకు భరించాలి. అంటే మనం నోరు మూసుకున్న ప్రతి గంటా మన జేబు నుంచే పోతుంది.

అందుకే పిల్లలకు నా మనవి. తల్లి గాని తండ్రి గాని డబ్బు పోయిందని చెప్పిన మొదటి నిమిషంలో "నీకెన్నిసార్లు చెప్పాలె" అనకండి. ముందు 1930కి ఫోన్ చేయండి, బ్యాంకుకు చెప్పండి, ఆ తరువాత తీరిగ్గా మాట్లాడుకోవచ్చు. మీ కోపానికి భయపడి వాళ్ళు రెండు రోజులు ఆగితే, ఆ రెండు రోజులూ దొంగకు మీరిచ్చిన సెలవు. మోసపోయినవారు తెలివితక్కువవారు కారు. జీవితమంతా ప్రభుత్వం పేరు చెబితే లేచి నిలబడడం నేర్చుకున్న తరం మాది. దొంగ మా భయాన్నీ, మా మర్యాదనీ చూసే ఫోన్ చేస్తున్నాడు. పోలీసులమని, కోర్టు అని చెప్పి వీడియోలో కూర్చోబెట్టే డిజిటల్ అరెస్టు కూడా అటువంటిదే. చట్టంలో అటువంటి అరెస్టు లేదని ప్రధానమంత్రి 2024 అక్టోబర్‌లో రేడియోలో ప్రజలకు చెప్పవలసి వచ్చింది.

పెన్షనర్లకు మనవి. లైఫ్ సర్టిఫికెట్ కోసమంటూ ఫోన్‌లో కార్డు నంబరు, ఓటీపీ అడిగితే ఫోన్ పెట్టేయండి. మర్యాద తప్పినట్టు కాదు. అనుమానం ఉంటే మన ఖజానా కార్యాలయానికి స్వయంగా వెళ్ళి అడగండి, లేదా మన సంఘం వారిని అడగండి. ఎంత అత్యవసరమని చెప్పినా ఇంట్లో మరొకరితో ఒక మాట అని గాని ఏ అంకె చెప్పకండి. డబుల్ లాక్‌లో రెండో మనిషి ఎందుకుండేవాడో అర్థమైంది కదా. అతడు తాళం తీయడానికే కాదు, "ఎందుకు తీస్తున్నాం?" అని అడగడానికి కూడా ఉండేవాడు. మీ ఇంట్లో ఆ ప్రశ్న అడిగే మనిషి ఎవరో ఈ రోజే నిర్ణయించుకోండి.

అధ్యక్షులవారి అనుమతితో ఒక చిన్న ప్రతిపాదన. మన నెలవారీ సమావేశం రోజున ఒక గంట ముందుగా వచ్చి, సభ్యుల ఫోన్లలో నేను చెప్పిన మొదటి నాలుగు పనులు చేసిపెట్టేందుకు చదువుకున్న మన పిల్లలు ఇద్దరు ముగ్గురు ముందుకు రావాలి. పిన్ మాత్రం ఎవరిది వారే, ఎవరూ చూడకుండా పెట్టుకోవాలి. ఈ ప్రతిపాదనను సభ ఆమోదించవలసిందిగా కోరుతున్నాను.